అవతలివాళ్ళ పాత్ర ఏం చేసిందో మీరు రాయకండి

మొన్న మధ్యాహ్నం క్యాంటీన్లో, మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు టీ కప్పు పట్టుకుని వచ్చి, "అన్నా, నువ్వేదో రాసుడు నాటకం ఆడ్తవంట గదా, నన్ను గూడ అండ్ల చేర్పియ్యరాదే" అన్నాడు. ఎవరు చెప్పారో తెలీదు. నాలుగేళ్ళ పైనుంచీ ఆఫీసులో ఎవరికీ తెలియకుండా దాచుకొస్తున్న సంగతి ఇది. (ముప్ఫైకి దగ్గరపడుతున్న మనిషి రాత్రి పదింటికి రిటైర్డు సుబేదారైపోతాడని తెలిస్తే అప్రైజల్లో ఏం రాస్తారో అన్న భయం కొద్దీ లెండి.)

సరే అని దారి చూపించాను. లోపలికి రాగానే పైన నియమాలు అంటించి ఉంటాయి, మొత్తం పధ్నాలుగు. రెండ్రోజులాగి "చదివావా?" అనడిగితే, "మొత్తం చదివిన అన్నా, ఒక్కటి సమజ్ కాలే" అన్నాడు. వాడి తప్పు కాదు. ఆ పధ్నాలుగూ రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ తప్పు ఒకసారి చేసి తల బొప్పి కట్టించుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ అర్థం కాకుండా రాశాం. అందుకని నియమాల సంగతి వదిలేసి, బొప్పి ఎలా కట్టిందో చెప్తాను.

అసలు ఇదేమిటో తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. టెక్స్ట్ రోల్‌ప్లే అంటే కొంతమంది కలిసి, వంతులవారీగా రాసుకుంటూపోయే నాటకం. బొమ్మలుండవు, గొంతులుండవు, గెలుపు ఓటములు ఉండవు. మాది ఒక కల్పిత గ్రామం. 1960లలో, మీటర్ గేజి రైలు రోజుకి రెండుసార్లు ఆగే చిన్న స్టేషను, దాని చుట్టూ ఓ పాతిక గడప. తొమ్మిది మందిమి. ఒకాయన స్టేషన్ మాస్టరు, ఒకరు టీ బంకు, ఒకావిడ పోస్టుమాస్టరమ్మ, ఒకరు ఆర్ఎంపీ డాక్టరు, ఇలాగ. నా పాత్ర ఏం చేసిందో, ఏమందో నేను ఒక పేరా రాస్తాను. దానికి మీ పాత్ర ఏం చేసిందో మీరు రాస్తారు. పాత్రగా కాక మామూలు మనుషులుగా మాట్లాడుకోవాలంటే జంట బ్రాకెట్లలో రాసుకుంటాం. అంతే ఆట.

ఈ వ్యవహారానికి పెద్ద వంశవృక్షమే ఉంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్ళు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చేశారు, బల్ల చుట్టూ కూచుని ఆడేది. 1978లో ఇంగ్లాండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మడ్ అని ఒక ప్రోగ్రాం మొదలుపెడితే, రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకెళ్ళాడు. తెర మీద అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ్నుంచి పిల్లలూ పిల్లల పిల్లలూ పుట్టి ఇక్కడిదాకా వచ్చింది. మనం రోజూ చూసే ఆన్‌లైన్ ఆటల్లో చాలావాటికి ముత్తాత ఇదే. సరే, అసలు విషయానికొస్తాను.

2021 మే నెల. రెండో వేవ్. నేను బాలాపూర్లో అప్పుడూ ఇప్పుడూ అదే మేడమీద గదిలో ఉంటున్నాను. ఆదిభట్లలో ఆఫీసు, దానికి దగ్గర, అద్దె తక్కువ అని చేరాను. మాది అద్దంకి పక్క పల్లెటూరు. బాలాపూర్ తెలియనివాళ్ళకి, శంషాబాద్ విమానాశ్రయానికీ పాత బస్తీకీ మధ్యలో ఉంటుంది. ఒక పక్కన ఆర్‌సీఐ వాళ్ళ పొడవాటి ప్రహరీ, ఇంకో పక్కన రోజుకొకటి లేచే అపార్ట్‌మెంట్లు, పైన విమానాలు. ఆ నెలలో విమానాల చప్పుడు కూడా పల్చబడి, చౌరస్తాలో అంబులెన్సు సైరను మాత్రం స్పష్టంగా వినపడేది. ఆఫీసు ల్యాప్‌టాప్ మూసేస్తే మాట్లాడటానికి మనిషి లేడు. సరిగ్గా అప్పుడు దొరికింది నాకీ గ్రామం.

నేను చేరేసరికి అక్కడ నాలుగు నెలల కథ నడిచి ఉంది. ఒక రాత్రి మొత్తం కూర్చుని చదివేశాను. పోస్టుమాస్టరమ్మ కథ నన్ను పట్టేసింది. ఆవిడ దగ్గర విప్పని ఉత్తరం ఒకటుంది. అది ఎవరికి రాసిందో, ఎవరు రాశారో చెప్పదు. పని అయిపోయాక సొరుగు తీసి చూసి, మళ్ళీ పెట్టేస్తుంది. నాలుగు నెలల్లో అలా ఏడెనిమిది సార్లు, ప్రతిసారీ ఒకటి రెండు వాక్యాలు. అంతే.

నాకేమో ఇంజనీరు బుర్ర కదా, తెరిచి ఉంచిన టికెట్ కనపడితే మూసెయ్యాలనిపిస్తుంది. మర్నాడు నా సుబేదారుని రైలు దింపాను. దింపి, నేరుగా పోస్టాఫీసుకి నడిపించాను. మనవాడు లోపలికెళ్ళి, "ఆ సొరుగులో ఉత్తరం సంగతి నాకు తెలుసమ్మా" అంటాడు. ఆవిడ తెల్లబోతుంది. చెయ్యి పట్టుకుంటాడు. ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుని ఉత్తరం తీసి ఇచ్చేస్తుంది. సుబేదారు చదివి, ఆవిడ తల నిమిరి, ఓదారుస్తాడు. ఆరువందల పదాలు. రాసి, రెండుసార్లు చదువుకుని, నేనే ముచ్చటపడి పంపేశాను.

ఎవరూ ఏమీ అనలేదు. ఓ మూడు గంటల తర్వాత జంట బ్రాకెట్లలో ఒక్క వాక్యం వచ్చింది. "ఆ ఉత్తరం ఆవిడ ఇవ్వదండీ."

నేను ఊరుకున్నానా? "ఎందుకివ్వదండీ, కథ ముందుకెళ్ళాలి కదా, నాలుగు నెలలు అక్కడే ఆగిపోయింది" అని వాదించాను. "కథే కదండీ" అని కూడా అన్నాను. ఆవిడ మళ్ళీ రాయలేదు. ఆ రోజే కాదు, మూడు వారాలు రాయలేదు. ఆ ఉత్తరం వెనక ఏముందో తర్వాత ఎప్పుడో తెలిసింది. అది ఇక్కడ చెప్పను, అది ఆవిడది. ఆ మే నెలలో ఎంతమంది ఇళ్ళల్లో ఎన్ని విప్పని ఉత్తరాలున్నాయో మీకూ తెలుసు.

ఆ పేరాలో నేను చేసిన తప్పులు ఒక్కొక్కటీ విడదీస్తే, కొత్తవాళ్ళకి చెప్పాల్సిన వాటిలో సగం అందులోనే వచ్చేస్తాయి.

మొదటిదీ, అన్నిటికంటే పెద్దదీ: ఆవిడ పాత్ర ఏం చేసిందో నేను రాశాను. తెల్లబోయింది, ఏడ్చింది, ఇచ్చింది. ఈ మూడు క్రియలూ నావి కావు. నా సుబేదారు చెయ్యి చాపటం వరకే నాది. ఆ చేతిలో ఉత్తరం పడుతుందో, చెంప మీద దెబ్బ పడుతుందో, ఆవిడ అసలు తలెత్తి చూస్తుందో లేదో, ఆవిడ రాయాలి. దీన్ని గాడ్ మోడింగ్ అనీ, పవర్ ప్లేయింగ్ అనీ అంటుంటారు. పేరు గుర్తుండక్కర్లేదు. ప్రయత్నం మీది, ఫలితం అవతలివాళ్ళది అని గుర్తుంచుకుంటే చాలు. మన భాషలో చెప్పాలంటే రిక్వెస్టు పంపండి, రెస్పాన్సు కూడా మీరే రాసుకోకండి.

ఇది ఏదో మర్యాదకి సంబంధించిన చిన్న విషయం అనుకునేవాళ్ళకి ఒక పాత కథ చెప్పాలి. 1990లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పావెల్ కర్టిస్ అనే ఆయన లాంబ్డామూ అని ఒక అక్షరాల ప్రపంచం పెట్టాడు. పెద్ద ఇల్లు, గదులు, వందలాది మంది. అందులో మిస్టర్ బంగిల్ అనే పేరుతో తిరిగేవాడొకడు వూడూ బొమ్మ అనే చిన్న సబ్‌ప్రోగ్రాం వాడాడు. దాని పనేమిటంటే, వేరేవాళ్ళ పాత్రలు ఫలానా పని చేస్తున్నాయని తెర మీద రాయటం. రాస్తున్నది వాడు, చేస్తున్నట్టు కనిపించేది వాళ్ళు. దాంతో వాడు నలుగురి మధ్యలో కొందరి పాత్రల మీద లైంగిక హింస నడిపించాడు. ఆ పాత్రల వెనకున్న మనుషులు ఎక్కడో ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని, తమ పేరుతో వస్తున్న ఆ వాక్యాలు చదువుతున్నారు. జూలియన్ డిబెల్ ఈ సంగతి 1993 డిసెంబరులో విలేజ్ వాయిస్ పత్రికలో రాశాడు. అందులో ఒకావిడ తర్వాత దాని గురించి రాసుకుంటూ నిజంగా ఏడ్చింది. చివరికి ఒక నిర్వాహకుడు వాడి ఖాతా చెరిపేశాడు. ఆ గొడవలోంచే అక్కడ జనం ఓట్లేసి నిర్ణయాలు తీసుకునే పద్ధతి పుట్టింది.

నేను చేసినదీ వాడు చేసినదీ ఒకటే అనటం లేదు. నాది మంచి ఉద్దేశమే, తల నిమిరాను కూడాను. కానీ వాడిన పనిముట్టు అదే కదా? వేరే మనిషి పేరు పెట్టి, ఆ మనిషి చెయ్యని పని చేసినట్టు రాయటం. ఓదార్పు కోసం వాడినా అది వూడూ బొమ్మే.

రెండో తప్పు. "ఆ సొరుగులో ఉత్తరం సంగతి నాకు తెలుసమ్మా" అన్నాడే, సుబేదారుకి ఎలా తెలుసు? అప్పుడే రైలు దిగాడు. తెలిసింది నాకు, రాత్రంతా చదివాను కాబట్టి. మా ఊళ్ళో తిరునాళ్ళకి కురుక్షేత్రం నాటకం వేయించేవాళ్ళు, తిరుపతి వెంకట కవుల పద్యాలు. తాతయ్య నన్ను దుప్పటి చుట్టి తీసుకెళ్ళేవాడు. కర్ణుడు తన అన్న అని యుద్ధం అయ్యేదాకా అర్జునుడికి తెలియదు. అర్జునుడి వేషం కట్టినాయనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఎదురుగా కూర్చుని వేరుశనక్కాయలు తింటున్న వెయ్యిమందికీ తెలుసు. అయినా ఆయన తెలిసినట్టు ఒక్క చూపు చూస్తే నాటకం చచ్చిపోయినట్టే. రోల్‌ప్లేలో దీన్ని మెటాగేమింగ్ అంటారు. కొత్తవాళ్ళకి ఇది కావాలని చేసే తప్పు కాదు, చదివింది మర్చిపోవటం కష్టం. నేనిప్పుడు ఒక చిన్న పని చేస్తాను. రాసేముందు, "నా వాడికి ఈ సంగతి ఎవరు చెప్పారు, ఎక్కడ, ఎప్పుడు?" అని అడుగుతాను. జవాబు లేకపోతే ఆ వాక్యం కొట్టేస్తాను. భలే పొదుపు అవుతుంది.

కురుక్షేత్రం అన్నాను కాబట్టి ఇంకోటి. ఆ నాటకాల్లో కృష్ణుడు ఒక్కడు కాదు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, ఒక్కోసారి మూడో కృష్ణుడు, సీను సీనుకీ ఒక్కో పేరున్న నటుడు. వేరే వేరే ఊళ్ళ నుంచి వచ్చి, కలిసి రిహార్సల్ కూడా లేకుండా నేరుగా స్టేజీ ఎక్కేవాళ్ళు. అయినా నడిచేది. ఎందుకంటే ఎక్కడ ఆపాలో, ఎవరికి ఎప్పుడు అందించాలో వాళ్ళకి తెలుసు. తెలియనివాళ్ళు కూడా ఉండేవాళ్ళు లెండి. పద్యం అయిపోయాక రాగం అందుకుంటే పావుగంట. జనం "వన్స్ మోర్" అంటే మళ్ళీ పావుగంట. ఈలోపల పక్కన దుర్యోధనుడు గద భుజాన వేసుకుని, గోడకి చేరబడ్డ సైకిల్లా నిలబడి ఉండేవాడు. నాకు చిన్నప్పుడు దుర్యోధనుడి మీద ఎంత జాలేసేదో.

నా ఆరువందల పదాల పేరా అచ్చంగా ఆ రాగమే. అందులో పోస్టుమాస్టరమ్మకి రాయటానికి ఏమీ మిగల్లేదు. అడిగిందీ నేనే, ఇచ్చిందీ నేనే, ఓదార్చిందీ నేనే. ఆవిడ గద మోస్తూ నిలబడాలి. కొత్తగా వచ్చినప్పుడు పెద్దగా రాస్తే శ్రద్ధ ఉందనుకుంటారని మనకో భ్రమ. నాలుగు వాక్యాలు రాసి, చివర్లో అవతలివాళ్ళు పట్టుకోవటానికి ఒక కొక్కెం వదలటం కష్టం. ఒక ప్రశ్నో, కింద పడ్డ సంచో, సగంలో ఆగిన మాటో. అలాగని "ఊఁ, అని నవ్వాడు" అని ఒక్క ముక్క పారేసి పోవటం కూడా తప్పే. అవతలివాళ్ళు పదిహేను నిమిషాలు ఆలోచించి రాసినదానికి అది జవాబు కాదు.

ఇహ మన తెలుగువాళ్ళకే ఉన్న తలనొప్పులు కొన్ని. ఇంగ్లీషులో రాసుకునేవాళ్ళకి ఇవి తెలియవు.

ఒకటి, మీరు-నువ్వు. నా సుబేదారు టీ బంకు మనిషిని "ఒరేయ్" అంటాడు. ఆ కాలం సుబేదారు అనే అంటాడు. కానీ టీ బంకు వెనకున్నది, తర్వాత తెలిసిందేమిటంటే, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దాయన, బ్యాంకు ఉద్యోగి. కథలో ఒరేయ్, జంట బ్రాకెట్లలో "గారూ, మీరు". ఈ గీత దాటి, కథలో చనువు వచ్చింది కదా అని బ్రాకెట్లలో కూడా ఏకవచనంలోకి దిగితే, అది చాలామందికి గుచ్చుకుంటుంది, పైకి చెప్పరు. అదే గీత ఇటువైపు కూడా ఉంది. కథలో డాక్టరు నా సుబేదారుని "ముసలి నక్క" అంటే, నేను బ్రాకెట్లలో అలగకూడదు. నేనొకసారి అలిగాను. ఆ డాక్టరు పాత్ర రాసే అమ్మాయి ఖంగారుపడి మూడుసార్లు సారీ చెప్పింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండు, ఆడా మగా. తెలుగులో క్రియలోనే తెలిసిపోతుంది, వచ్చాడు, వచ్చింది. దాక్కోవటానికి చోటు లేదు. కొత్తవాళ్ళు పాత్రని చూసి మనిషిని ఊహించేస్తారు, పోస్టుమాస్టరమ్మ కాబట్టి ఆడమనిషి, సుబేదారు కాబట్టి మగవాడు. స్థానం నరసింహారావు (1902-1971) సత్యభామ వేషం వేసి పద్మశ్రీ తెచ్చుకున్న దేశం ఇది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ భామాకలాపంలో సత్యభామగా నిలబడితే ఆడవాళ్ళే ఆ నడక చూసి నేర్చుకోవాలనేవాళ్ళు. మనకి ఇది కొత్త కాకూడదు. తెలియనప్పుడు "వచ్చారు, అన్నారు" అంటే సరిపోతుంది. ఇంత చక్కటి సౌకర్యం భాషే ఇచ్చింది. తెలుసుకోవాలనే కుతూహలంతో "మీరు నిజంగా అమ్మాయేనా?" అని అడగటం మాత్రం వద్దు. వాళ్ళు చెప్తే వినండి. ఏ ఊరు, ఏ కంపెనీ, ఇన్‌స్టా ఉందా, ఇవీ అంతే.

మూడోది యాస. దీని మీద నాకు ప్రత్యేకంగా ఒక దెబ్బ తగిలింది. ఒకసారి స్టేషన్లో కూలీవాడి పాత్ర అవసరమై, ఒక సీను వరకు నేనే రాస్తానన్నాను. వాడి చేత తెలంగాణ మాట మాట్లాడించాను. ఎక్కడ నేర్చుకున్నాను? సినిమాల్లో. వాడు ప్రతి వాక్యానికీ "గట్లనా" అంటాడు, తప్పతాగి ఉంటాడు, అందర్నీ నవ్విస్తాడు. బాలాపూర్లో ఉంటున్నాను కదా, ఓనర్ అంకుల్‌కి చూపించి సరిచేయించుకుందామని కిందకెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫోన్లో చదివి, "గిట్ల ఎవరు మాట్లాడ్తరు బిడ్డా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "మా నాయిన గూడ మూటలు మోసిండు. తాగుబోతు గాదు" అని ఫోను చేతికిచ్చి లోపలికెళ్ళిపోయారు. ఆ కూలీవాడి సీను నేను పంపలేదు. అప్పట్నుంచీ నాకు రాని యాస నేను రాయను. మా ప్రకాశం మాటే రాస్తాను. కొత్తగా వచ్చేవాళ్ళు కూడా మీ ఇంట్లో మాటే రాయండి, మిగతాది మెల్లగా వినండి.

వినటం అన్నాను. చేరిన రోజే రాయక్కర్లేదు అన్నది నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే బాగుండేది. కూచిపూడి భాగవతంలో ప్రతి పాత్రకీ ప్రవేశ దరువు ఉంటుంది. తెర వెనకనుంచి వచ్చి, నేను ఫలానా అని ఆడి పాడి చెప్పుకుని అప్పుడు కథలోకి వస్తుంది. సత్యభామ అయితే తెర మీదుగా జడ వేసి సవాలు కూడా చేస్తుంది, కానీ ఆ జడ వెయ్యటానికి ముందు ఎన్నేళ్ళ సాధన ఉందో చూడాలి. మా బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం అందరూ టీవీలో చూసే ఉంటారు. 1994లో 450 రూపాయలతో మొదలైంది, 2025లో 35 లక్షలకి వెళ్ళింది. అంత పేరున్న వేలంలో కూడా దారిన పోతూ చెయ్యెత్తటానికి లేదు. 2024లో, పాటలో పాల్గొనాలంటే అంతకుముందు ఏడాది పలికిన 27 లక్షలు ముందుగా కట్టాలి అని ఉత్సవ సమితి నియమం పెట్టింది. మా గ్రామంలో డిపాజిట్ అడగరు. వారం రోజులు ఊరికే చదవటమే డిపాజిట్. ఎవరెవరికి ఏ కథ నడుస్తోంది, ఎవరు ఎంత పొడుగు రాస్తారు, ఏ విషయం ఎవరూ ఎత్తరు. ఆ చివరిది ముఖ్యం. తర్వాత మీ పాత్ర గురించి ఒక చిన్న పరిచయం రాసి, "ఫలానా సీనులోకి రావచ్చా?" అని బ్రాకెట్లలో అడగటం. అంతే. ఇద్దరు మాట్లాడుకుంటున్న గదిలోకి తలుపు తన్నుకుని రావటం బయట ఎంత తప్పో ఇక్కడా అంతే.

ఈ మధ్య కొత్త రకం ఇబ్బంది ఒకటి వచ్చింది. కొందరు వాళ్ళ వంతు చాట్‌జీపీటీ చేత రాయించి అతికిస్తున్నారు. నాకు ఆ పనిముట్టు మీద పగ లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాంతోనే కోడ్ రాయిస్తాను. కానీ ఇక్కడ అది రాసింది చదివితే తెలిసిపోతుంది. వాక్యాలన్నీ బాగానే ఉంటాయి, మనం వదిలిన కొక్కేన్ని మాత్రం పట్టుకోదు. స్టేషన్ మాస్టరు దగ్గుతున్నాడని నేను రాస్తే, జవాబులో సంధ్యాసమయం, పక్షుల కిలకిలలు, జీవితపు పరుగు వస్తాయి, దగ్గు గురించి ఉండదు. అవతల మనిషి ఉన్నాడనుకుని అరగంట కూర్చుని రాసినవాళ్ళకి అది మోసంగా అనిపిస్తుంది. అక్షర దోషాలుంటే ఉండనివ్వండి, రెండు వాక్యాలే రాయండి, మీరు రాయండి.

ఇదంతా చదివి, కొత్తవాళ్ళ తప్పులే చెప్తున్నాడు, పాతవాళ్ళు దేవుళ్ళా అనుకుంటారేమో. కాదు. నా రెండో పెద్ద తప్పు పాతవాణ్ణయ్యాక చేసిందే.

2023లో ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. పంతొమ్మిదేళ్ళు. వాడి పాత్ర రైలు దిగుతూనే ప్లాట్‌ఫాం మీద నలుగురు రౌడీల్ని గాల్లోకి లేపాడు. మా మీటర్ గేజి గ్రామంలో రౌడీలెక్కణ్ణుంచొచ్చారో! నేనప్పటికి నియమాలు రాసిన పెద్దమనిషిని. అందరి ముందూ బ్రాకెట్లలో మొదలుపెట్టాను. ఇది గాడ్ మోడింగ్, ఇది కాలానికి సరిపోదు, ఇది పరిచయం లేకుండా రావటం, ఇది ఆరో నియమం, ఇది తొమ్మిదో నియమం. ఒక్క సాయంత్రంలో ఏడు దిద్దుబాట్లు. ఒక్కటీ తప్పు కాదు. మీరెవరైనా ఫ్రెషర్‌గా మొదటిసారి కోడ్ రివ్యూకి పెట్టినప్పుడు ముప్ఫై కామెంట్లు తిన్నారా? నేను తిన్నాను, ఆ రాత్రి రాజీనామా ఉత్తరం డ్రాఫ్టు చేసుకున్నాను. అయినా అదే పని వీడికి చేశాను. "సారీ సార్, నాకు తెలీదు సార్" అని రాసి వెళ్ళిపోయాడు. రెండు మూడు సార్లు విడిగా మెసేజ్ పెట్టాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు.

నిజానికి ఆ నలుగురు రౌడీలు ఏం చేశారు? సీను మార్చి రాసుకుంటే పోయేది. స్టేషన్ మాస్టరు ఈల వేస్తే రౌడీలు నిజానికి పక్క ఊరి నాటకం వాళ్ళని తేలుతుంది, వీడు సిగ్గుపడి బట్టలు దులిపి లేపుతాడు, వాడికి ఊళ్ళో ఒక పేరు పడిపోతుంది, బ్రహ్మాండంగా ఉండేది. ఇది నాకు ఆర్నెల్ల తర్వాత, సాయంత్రం బాలాపూర్ చౌరస్తాలో ట్రాఫిక్కులో ఇరుక్కున్నప్పుడు తట్టింది. నేను చేరినప్పుడు పోస్టుమాస్టరమ్మ నాకు చెప్పింది ఒక్క వాక్యం. నేను ఆ కుర్రాడికి చెప్పింది ఏడు నియమాలు. నేను ఉండిపోయాను, వాడు వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఎవరికైనా చెప్పాల్సి వస్తే విడిగా, ఒకసారికి ఒక్కటే చెప్తున్నాను. ముందు వాళ్ళు రాసినదాంట్లో ఏదో ఒకదానికి నా పాత్ర చేత జవాబు రాయించాకే చెప్తున్నాను.

పోస్టుమాస్టరమ్మ సంగతి చెప్పలేదు కదూ. మూడు వారాల తర్వాత ఆవిడ తిరిగి రాసింది. నేను రాసిన ఆ సీను జరగలేదని అందరం ఒప్పుకుని తీసేశాం. సుబేదారు మళ్ళీ కొత్తగా రైలు దిగాడు. ఆవిడ రాసిన మొదటి పేరాలో, పోస్టుమాస్టరమ్మ ఆ ఉత్తరాన్ని సొరుగులోంచి తీసి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళం చెవి ఎక్కడ పెట్టిందో రాయలేదు. నాలుగేళ్ళు దాటింది. నా సుబేదారు రోజూ పోస్టాఫీసుకి వెళ్తాడు, పింఛను మనియార్డరు వచ్చిందా అని అడుగుతాడు, పేపరు చదువుతాడు, ఇనప్పెట్టె వైపు చూడడు.

మొన్నటి కుర్రాడు వారం రోజులు బుద్ధిగా చదివాడు. పాత్ర ఏమిటిరా అంటే, "హమాలీ అన్నా" అన్నాడు. నాకు ఓనర్ అంకుల్ గుర్తొచ్చి ఏమీ అనలేదు. నిన్న రాత్రి మొదటిసారి రాశాడు, మూడే వాక్యాలు, వాళ్ళింటి మాటలో. హమాలీ పోస్టాఫీసు గడప బయట చెప్పులిడిచి, కౌంటరు దగ్గర నిలబడి, తువ్వాలతో చెయ్యి తుడుచుకుని, ఒక కార్డు కావాలన్నాడు. రాయటం రాదు, మీరే రాసిపెట్టాలి అన్నాడు.

పంపి, నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మస్తు తక్కువైనట్టుంది, ఇంకో పేరా పెట్టనా?" వద్దురా, ఆగు అన్నాను. ఇద్దరం ఫోన్ పెట్టకుండా చూస్తూ కూర్చున్నాం. పైనుంచి ఒక విమానం వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది. పదకొండున్నరకి పోస్టుమాస్టరమ్మ కళ్ళజోడు సరిచేసుకుని, కార్డు తీసి బల్ల మీద పెట్టి, కలం సిరాలో ముంచి అడిగింది.

"చెప్పు నాయనా, ఎవరికి రాయాలి?"